ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించకండి: పెద్ద మోటార్‌సైకిళ్ల వాళ్లకు జాగ్రత్తలు

గుత్తి, డోన్ మధ్య జాతీయ రహదారి మీద మొన్న మధ్యాహ్నం ఒక పెద్ద మోటార్‌సైకిల్ వెనుక టైరు పేలింది. బండి నడుపుతున్న ఆయనకు చేయి విరిగింది. వెనుక కూర్చున్న ఆమెకు మోచేతులు, మోకాళ్లు దోక్కుపోయాయి. వెనకాలే లారీ ఏదీ రాకపోవడం వాళ్ల అదృష్టం. ఎండకు పేలిందని అక్కడ చేరినవాళ్లంతా తేల్చేశారు. టైరు చూస్తే బటన్లు (పైన నేలను తాకే రబ్బరు దిమ్మలు) చెక్కుచెదరలేదు, కొని ఏడాది కూడా కాలేదు. రిమ్ము నుంచి విప్పినప్పుడు మాత్రం లోపలి నుంచి గుప్పెడు నల్లటి రబ్బరు పొడి రాలింది. టైరు పక్క గోడ (సైడ్‌వాల్) లోపలి వైపు చుట్టూతా ముడతలు పడి, రంగు మారిన పట్టీ ఒకటి కనిపించింది. ఈ రెండూ ఉన్నాయంటే ఆ టైరు తక్కువ గాలితో చాలా దూరం పరుగెత్తిందని అర్థం. బయలుదేరే ముందు, ఎండలు కదా అని, గాలి తగ్గించుకుని వచ్చారట.

హెల్మెట్ గురించి, వేగం గురించి ఇక్కడ చెప్పను. ఆ మాటలు ప్రతి టోల్‌గేటు దగ్గరా బోర్డుల మీద ఉన్నాయి. నేను చెప్పదలచుకున్నది ఈ గాలి గురించి. వేలు పోసి కొన్న మంచి టైర్లు ఒక్క వేసవిలో పాడవడం, మనుషులు ఆసుపత్రి పాలవడం ఎక్కువగా ఈ ఒక్క పొరపాటు వల్లే చూశాను.

గాలి తగ్గిస్తే ఏమవుతుంది

మార్చి దాటితే చాలు, గాలి కొట్టే చోట ఒకటే ప్రశ్న: "ఎండలు మండిపోతున్నాయి అన్నా, నాలుగు పాయింట్లు తగ్గించమంటారా?" అడిగే అబ్బాయిది మంచి ఉద్దేశమే. వేడికి గాలి పెరుగుతుంది, పెరిగితే టైరు పేలుతుంది, కాబట్టి ముందే తగ్గించాలి అని అతని లెక్క. మొదటి మాట నిజమే. టైరు వేడి అయిదారు డిగ్రీలు పెరిగితే లోపల దాదాపు ఒక పాయింటు (గాలి ఒత్తిడి కొలత, పీఎస్‌ఐ) పెరుగుతుంది. అయితే ఆ పెరుగుదలకు చోటు ఉంచే కంపెనీ వాళ్లు అంకె నిర్ణయించారు. బండి పుస్తకంలో, చెయిన్ కవరు మీద అతికించిన చీటీలో ఉండేది చల్లటి టైరుకు చెప్పిన అంకె. ఉదయం 32 పెట్టి బయలుదేరితే మధ్యాహ్నానికి 35, 36 అవుతుంది. అవ్వాలి కూడా.

టైరును చంపేది లోపల పెరిగిన గాలి కాదు, పక్క గోడలు వంగడం. గాలి తక్కువైన కొద్దీ టైరు నేలను తాకిన చోట ఎక్కువ అణుగుతుంది, పైకి వెళ్లగానే మళ్లీ సాగుతుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో పెద్ద బండి వెనుక చక్రం నిమిషానికి ఎనిమిది వందల సార్లకు పైగా తిరుగుతుంది. అన్ని సార్లూ ఆ వంపు పడవలసిందే. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే వేడెక్కి తెగినట్టే, రబ్బరులో దారాల పొరలు వేడెక్కి ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయి. కర్నూలు, నంద్యాల, కడపల్లో ఎండ 44, 45 డిగ్రీలు ఉన్న రోజున తారు రోడ్డు అంతకంటే చాలా ఎక్కువ కాలుతుంది కాబట్టి ఆ వేడికి బయటికి పోయే దారి కూడా ఉండదు. చల్లదనం కోసం గాలి తగ్గించినవాడు టైరును తానే ఉడకబెడుతున్నాడు.

ఇంకో మోసం ఉంది. మధ్యాహ్నం పెట్రోలు బంకు దగ్గర గేజీ పెడితే 32 చూపిస్తుంది, సరిగ్గానే ఉందని తృప్తి పడతాం. వేడి మీద 32 ఉందంటే ఉదయం చల్లగా ఉన్నప్పుడు అందులో ఉన్నది 28 మాత్రమే. గాలి చూడవలసింది బండి మూడు గంటలైనా కదలకుండా ఉన్నాక, ఉదయం నీడలో. ఇల్లు దాటి రెండు కిలోమీటర్లు తిరిగాక చూసిన అంకెను నమ్మకండి. కాలుతున్న టైరు నుంచి గాలి తీయకండి, ఎంత ఎక్కువ చూపించినా సరే. అంకె మరీ ఎక్కితే ఉదయం గాలి తక్కువగా ఉండి ఉండాలి, లేదా బరువు ఎక్కువై ఉండాలి. నీడన ఆపి చల్లారనిచ్చి, సరిచేయవలసింది ఆ రెండింటినే.

వెనుక మనిషి, సామాను ఉంటే పుస్తకంలో వేరే అంకె ఉంటుంది. దాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ. ఒక్కరికి పెట్టిన గాలితోనే భార్యను, రెండు పక్క పెట్టెలను ఎక్కించుకుని అహోబిలం బయలుదేరుతారు. అదీ గాలి తగ్గించడమే, చేత్తో తీయలేదన్నంతే తేడా.

కొనేటప్పుడు

ఎక్కువ కాలం మన్నే టైరు కావాలంటే ముందు పక్క గోడ చదవండి. కొలతల తరువాత ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. 66 అంటే ఆ టైరు 300 కిలోలు మోస్తుంది, 71 అంటే 345, 77 అంటే 412. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా, వి అంటే 240 దాకా. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 ఒక్కదాని బరువే 241 కిలోలు. ఇద్దరు మనుషులు, సామాను కలిపితే నాలుగు వందలు దాటుతుంది, అందులో పెద్ద వాటా వెనుక చక్రానిది. కంపెనీ ఇచ్చిన అంకె కంటే తక్కువ ఉన్నది, అయిదు వందలు చవక అని, వేయించుకోకండి. ఆ టైరు అన్ని కిలోలు మోసేది నిండా గాలి ఉన్నప్పుడే. గాలి తీసేస్తే 71 అని రాసి ఉన్న టైరు 71 కాదు.

తారీఖు చూడండి. చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి: 2325 అంటే 2025లో 23వ వారంలో తయారైనది. మన ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. పల్సర్, స్ప్లెండర్ టైర్లు వారానికి పది అమ్ముడుపోతాయి, 150/80-16 వంటి పెద్ద బండి కొలత అడిగేవాడు ఎప్పుడో ఒకడు. అటక మీద మూడేళ్లు పడి ఉన్నదాన్ని దుమ్ము తుడిచి ఇస్తారు. అంతకంటే బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో తెప్పించుకుని నాలుగు రోజులు ఆగడం మేలు. షాపు ముందు ఎండలో వేలాడదీసిన టైరు ఎంత కొత్తదైనా వద్దు.

అనంతపురం నుంచి కర్నూలు దాకా రోడ్డు చాలా చోట్ల గీత గీసినట్టు ఉంటుంది. అటువంటి దారిలో టైరు మధ్య భాగం మాత్రమే అరిగి చదునవుతుంది. మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు ఉన్న టూరింగ్ టైర్లు ఉన్నాయి; దూరం తిరిగేవాళ్లకు అవే సరిపోతాయి. మెట్జెలర్ ఎంఈ 888 మారథాన్ అల్ట్రా వంటివి బరువైన బండ్ల మీద ఎక్కువ కిలోమీటర్లు రావడం కోసమే చేసినవి. పెద్ద పెద్ద దిమ్మల అడ్వెంచర్ టైర్లు మాత్రం వేడి తారు మీద తొందరగా అరిగిపోతాయి. గండికోట కోట గుమ్మం దాకా తారు రోడ్డే ఉంది, ఫొటోలో బాగుంటుందని దిమ్మల టైర్లు ఎందుకో నాకు అర్థం కాదు.

మన దారుల్లో

సర్కారు తుమ్మ ముల్లు దిగితే ట్యూబ్‌లెస్ టైరులో గాలి వెంటనే పోదు. ముల్లు లోపలే ఇరుక్కుని రోజుకు ఒకటి రెండు పాయింట్లు పోతుంటాయి. మీరు గాలి తగ్గించకపోయినా ముల్లు తగ్గిస్తుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి వైపు నాపరాళ్ల లారీల నుంచి పడిన పలుకులు రోడ్డు అంచున కత్తుల్లా ఉంటాయి, అంచుకు దిగకండి. ఆత్మకూరు దాటి దోర్నాల వైపు నల్లమలలో పంక్చర్ షాపు మీద ఆశ పెట్టుకోవద్దు. గువ్వలచెరువు ఘాటు దిగే ముందు ఆగి టైరు తాకి చూడండి. ఒకటి మామూలుగా, రెండోది చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ రెండోదానిలో గాలి తక్కువై ఉండవచ్చు.

ఇక మిగిలినవి:

— పుల్లల (స్పోకుల) చక్రాల్లో ట్యూబు ఉన్నవాళ్లు వాల్వు చూసుకోండి. నిటారుగా ఉండాలి. ఒక పక్కకు వాలి ఉంటే తక్కువ గాలికి టైరు రిమ్ము మీద జారి ట్యూబును లాగుతోందని అర్థం. వాల్వు మొదలు తెగితే గాలి ఒక్కసారిగా పోతుంది.

— టైరు మార్చినప్పుడు ట్యూబూ మార్చండి. పాత ట్యూబు మడతల్లో తెగుతుంది.

— ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేసి నడిపించవద్దు.

— వెడల్పు టైరు బాగుంటుందని 120 మిల్లీమీటర్లది తీసి 140ది పెట్టించుకోకండి. రిమ్ము వెడల్పు మారలేదు కదా.

— పక్క గోడ మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందా లేదా మీరే చూడండి.

— కొత్త టైరుతో మొదటి వంద కిలోమీటర్లు బండిని మలుపుల్లో వాల్చవద్దు.

— టైరుకు నూనె, మెరుపు ద్రావకం రాయవద్దు.

— గాలి తగ్గించవద్దు. నైట్రోజన్ కొట్టించినా తగ్గించవద్దు. నైట్రోజన్ అయినా వేడికి పెరిగేదే.

— బంకు దగ్గరి గేజీని నమ్మకండి. మూడు బంకుల్లో మూడు అంకెలు చెబుతుంది. సొంత గేజీ కొనుక్కోండి.

— "నేను ముప్ఫై ఏళ్లుగా తగ్గిస్తున్నాను, ఏమీ కాలేదు" అనే పెద్దాయన మాట వినకండి. ఆయన నడిపింది వంద కిలోల బండి, నలభై వేగంలో.

— బండిని ఎండలో పక్క స్టాండు మీద నెలల తరబడి వదలకండి.

— లోపల రబ్బరు పొడి కనిపించిన టైరును మళ్లీ ఎక్కించనివ్వకండి. షాపువాడు బాగానే ఉందంటాడు. బాగా లేదు.

— పక్క గోడకు చిల్లు పడితే ప్లగ్గు వేయించవద్దు, మెల్లగా వెళ్లిపోదాం అనుకోవద్దు. బండిని ఆటో ట్రాలీ ఎక్కించి ఇంటికి తెచ్చుకోండి. ఖర్చవుతుంది, పెట్టుకోండి.