పేదరికం మీద చర్చ పెట్టాలంటే: చూడు, బేరీజు వెయ్యి, చెయ్యి

పేదరికం మీద చర్చ పెడితే పావుగంటకే "ఏదో ఒకటి సాయం చేద్దాం" దగ్గరో "వాళ్లే కష్టపడాలి" దగ్గరో ఆగిపోతుంది. అలా ఆగకుండా ఉండటానికి బెల్జియం ఫాదర్ జోసెఫ్ కార్డైన్ యువ కార్మికుల మధ్య పెంచిన పద్ధతి ఒకటుంది, చూడు, బేరీజు వెయ్యి, చెయ్యి అని, తర్వాత బ్రెజిల్ మురికివాడల్లో చిన్న చిన్న క్రైస్తవ సంఘాలు దీన్నే పట్టుకున్నాయి.

ఎక్కువ టైమ్ చూడటానికే పెట్టండి. ఒక్క విషయం తీసుకోండి, నీళ్లనుకుందాం. కుళాయి ఎన్నింటికొస్తుంది, బకెట్ పట్టుకుని లైన్లో నిలబడేదెవరు, దానివల్ల పోయే కూలి ఎంత, పైపులైన్ సరిగ్గా ఈ వీధి మొదట్లోనే ఎందుకు ఆగింది. జవాబులు లైన్లో నిలబడేవాళ్లే చెప్పాలి, మీరు నోట్‌బుక్‌లో రాసుకోండి చాలు, మధ్యలో సలహాలివ్వొద్దు ప్లీజ్.

బేరీజు వేసేటప్పుడు రెండు ప్రశ్నలూ అడగాలి. ఏం తక్కువైంది అన్నది డెవలప్‌మెంట్ వాళ్ల ప్రశ్న, 1961లో లాటిన్ అమెరికా దేశాల కోసం అమెరికా మొదలుపెట్టిన సాయం కార్యక్రమం అలయన్స్ ఫర్ ప్రోగ్రెస్ లాంటివి పెట్టుబడి, స్కూళ్లు, ఇళ్లు అంటూ అటునుంచే వచ్చాయి. ఎవరి వల్ల తక్కువైంది అన్నది విమోచన వేదాంతం ప్రశ్న, అంటే దేవుడు పేదల పక్షాన ఉంటాడు, వాళ్లని అణచివేత నుంచి విడిపించాలి అనే క్రైస్తవ ఆలోచన, పెరూ ఫాదర్ గుస్తావో గుతియెర్రెజ్ 1971లో పుస్తకం రాసి మరీ అభివృద్ధి అన్న మాట సరిపోదు, విమోచన అనాలి అన్నాడు. బ్రెజిల్‌నే చూడండి, 1968 నుంచి 1973 దాకా ఎకానమీ ఏడాదికి సగటున 10 శాతానికి పైగా పెరిగింది, ఆదాయాల్లో తేడా కూడా తగ్గకపోగా పెరిగింది. ఇక్కడే బైబిల్లో నిర్గమకాండం 3వ అధ్యాయం పైకి చదివించండి, దేవుడు ప్రజల మొర విని దిగివచ్చానంటాడు, లైన్లో నిలబడే మనిషి నోట ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అయితే రెండో ప్రశ్న ఒక్కటే అడిగితే పైపు పడదు, ఎస్టిమేట్ వెయ్యడానికి ఇంజినీర్ కావాల్సిందే. 1984లో వాటికన్ కూడా విమోచన వేదాంతంలో మార్క్సిస్టు విశ్లేషణ వాడటం మీద హెచ్చరించింది కాబట్టి అభ్యంతరం ఉన్నవాళ్లని పూర్తిగా మాట్లాడనివ్వండి.

ఇక చెయ్యడం, ఒక్క పని చాలు, అర్జీ పెట్టడమో ఆఫీసర్‌ని కలవడమో, ఎవరు ఎప్పటిలోగా అని రాసుకోండి. అడిగితే కోపాలొస్తాయి, ఎల్ సాల్వడార్‌లో పేదల తరఫున మాట్లాడిన ఆర్చ్‌బిషప్ రొమేరోని 1980 మార్చి 24న పూజ చేస్తుండగానే కాల్చి చంపారు, కాబట్టి ఎంతవరకు వెళ్లాలో దెబ్బ ఎవరి మీద పడుతుందో వాళ్లనే తేల్చనివ్వండి. మళ్లీ కూర్చున్నప్పుడు అదే నోట్‌బుక్ తీసి మొదటి ప్రశ్నే అడగండి, కుళాయి ఎన్నింటికొస్తోంది.