ఉప్పునీటి ట్యాంకులో జుట్టు నాచు వదిలించడం ఎలా?

రాళ్లమీద జుట్టులా పచ్చ నాచు వేలాడుతుంటే, నాచుకు మేత అయిన ఫాస్ఫేట్ టెస్ట్ కిట్‌లో సున్నా చూపించినా నమ్మకండి. వచ్చింది వచ్చినట్టే నాచు లాగేసుకుంటోంది, కిట్‌కు మిగలడం లేదు.

ముందు చేత్తో పీకాలి. తీయగలిగిన రాళ్లను ట్యాంకు నీళ్లు పోసిన బకెట్‌లో పెట్టి టూత్‌బ్రష్‌తో రుద్దండి. తీయలేని చోట సైఫన్ గొట్టం ఆనించి పీకితే తెగిన పోగులు అందులోకే పోతాయి. వదిలేస్తే అవే ఇంకోచోట అంటుకుంటాయి. ఆ నీళ్లు పారబోయాల్సిందే.

అసలు తంటా పోసే నీళ్లతోనే. వంటింటి ఆర్‌ఓ మెషీన్లలో చాలావాటికి రుచి కోసం కొంత ముడినీరు కలిపే ఏర్పాటుంటుంది. బోరు నీళ్లయితే నాచుకు మరో మేత అయిన నైట్రేటూ వెంటే వస్తుంది. ఆర్‌ఓ నీళ్లను డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) దాటించి, టీడీఎస్ (నీటిలో కరిగినవాటి లెక్క) 0 చూపించాకే ఉప్పు కలపండి (లీటరుకు సుమారు 35 గ్రాములు, నీటి సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌పై 1.025). వారానికి 15 శాతం మార్చితే చాలు.

జీఎఫ్‌ఓను (ఫాస్ఫేట్‌ను పట్టేసే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) ప్యాకెట్ మీది మోతాదులో సగంతో మొదలుపెట్టండి. ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎం మధ్య ఆగాలి. తొందరపడి సున్నాకు దించితే పగడాలు పాలిపోతాయి, బుడగలతో గోధుమరంగు జిగురు, అంటే డైనోఫ్లాజెల్లేట్లు దిగుతాయి. వాటికంటే నాచే నయం.

లైటు రోజుకు 6 గంటలు. నాచు తినే టర్బో నత్తలు పొడుగు నాచు జోలికి పెద్దగా పోవు, రుద్దాకే వదలండి. పాత రాళ్లు పీల్చుకున్న ఫాస్ఫేట్‌ను మెల్లగా వదులుతుంటాయి కాబట్టి వారాలు పడుతుంది.