మీ జేబులోని నాణెం అలా ఉండాలని ఎవరు ఖాయం చేశారో కనుక్కోవడం ఎలా

గుంటూరు - తెనాలి పల్లెవెలుగులో చాలా ఏళ్లు కండక్టరుగా చేశాను. ఆ రూట్లో ఒక సంగీతం మాస్టారు వారానికి నాలుగు రోజులైనా ఎక్కేవారు. ఆయనకు చిన్నప్పటి నుంచీ చూపు లేదు. చిల్లర మాత్రం నాకంటే వేగంగా లెక్కపెట్టేవారు. జేబులోనే వేళ్లతో తడిమి, టికెట్టు ఎంతో సరిగ్గా అంతే తీసి నా చేతిలో పెట్టేవారు.

2012లో ఒకరోజు ఆయన ఇచ్చిన చిల్లరలో రూపాయి ఎక్కువొచ్చింది. "మాస్టారూ, వీటిలో ఒక బిళ్ల రూపాయి కాదు, రెండు రూపాయలది" అని రూపాయి తిరిగిచ్చాను. ఆయన ఆ రెండు బిళ్లలూ మళ్లీ అడిగి తీసుకున్నారు. ఒకదాని మీద ఒకటి పెట్టి చుట్టూ వేలితో రాశారు. చెరో అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు. తర్వాత నా చేతిలో పెట్టి, "నాయనా, కళ్లు మూసుకుని నువ్వు చెప్పు, ఏది ఏదో" అన్నారు. మూసుకున్నాను. చెప్పలేకపోయాను.

"ఎన్నాళ్ల నుంచి ఇలా ఇస్తున్నానో" అన్నారాయన. కాసేపటికి అడిగారు: "దీన్ని ఇలా చెయ్యమని ఒప్పుకున్నది ఎవరు నాయనా?"

రిజర్వు బ్యాంకు అని చెప్పాను. తప్పు చెప్పాను. ఆ తప్పు సరిదిద్దుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక నోటు, ఒక నాణెం పక్కపక్కన పెట్టండి. పది రూపాయల నోటు మీద రిజర్వు బ్యాంకు పేరుంటుంది, గవర్నరు సంతకం ఉంటుంది. నాణెం మీద ఆ రెండూ ఉండవు. సింహాల గుర్తు, దాని కింద సత్యమేవ జయతే, ఒక పక్క హిందీలో భారత్, ఇంకో పక్క ఇంగ్లీషులో ఇండియా, అంతే. అసలు సమాధానం అక్కడే ఉంది. నోటు డిజైనును రిజర్వు బ్యాంకు బోర్డు సిఫార్సు చేస్తే కేంద్రం ఆమోదిస్తుంది. నాణెం సంగతి అలా కాదు, మొదటి నుంచీ చివరి దాకా కేంద్ర ప్రభుత్వానిదే. 2011 నాణేల చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఏ విలువల నాణేలు వేయాలో, వాటి కొలతలేమిటో, డిజైనేమిటో కేంద్రమే నోటిఫికేషన్ ఇచ్చి ఖాయం చేస్తుంది. అంతకు ముందు 1906 నాటి చట్టం ఉండేది. ఈ పని చూసేది ఆర్థిక శాఖలోని ఆర్థిక వ్యవహారాల విభాగం. రిజర్వు బ్యాంకు ఏటా ఎన్ని నాణేలు కావాలో ఇండెంట్ పెడుతుంది, వచ్చినవాటిని బ్యాంకులకు పంచుతుంది. రూపాయి నోటు ఒక్కటే తేడా. చట్టం దాన్ని నాణెంగానే లెక్కవేస్తుంది. అందుకే దాని మీద గవర్నరు సంతకం ఉండదు, ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది.

తర్వాత సంవత్సరం అంకెల దగ్గర చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో వేసిన నాణెం. డైమండ్ ఆకారం ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. హైదరాబాద్ టంకశాల ఇప్పుడు చర్లపల్లిలో ఉంది. సైఫాబాద్‌లోని పాత టంకశాల వల్లే ఆ చోటును ఇప్పటికీ మింట్ కాంపౌండ్ అంటారు. ఒక్క మాట గుర్తుంచుకోండి: టంకశాల అచ్చు వేస్తుంది, డిజైను ఖాయం చేయదు. ఫలానా నాణెం బాగాలేదని చర్లపల్లికి ఉత్తరం రాస్తే లాభం లేదు. నేను రాద్దామనుకుని ఆగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు స్కేలు తీసుకోండి. పిల్లల జామెట్రీ బాక్సులోదైనా సరిపోతుంది. బరువు చూడాలంటే తెలిసిన కంసాలి దగ్గరికి వెళ్లండి. నేను అలాగే వెళ్లాను. 1992 నుంచి 2004 దాకా వచ్చిన స్టీలు రూపాయి వ్యాసం 25 మిల్లీమీటర్లు, బరువు 4.85 గ్రాములు. 2011లో రూపాయి గుర్తుతో వచ్చిన రెండు రూపాయల బిళ్ల వ్యాసం 25 మిల్లీమీటర్లు, బరువు 4.85 గ్రాములు. కంసాలి త్రాసు మీద చెరో పక్కన పెడితే ముల్లు కదల్లేదు. మాస్టారి వేళ్లు తప్పు చేయలేదు. ఆ వేళ్లకు తేడా తెలిసే దారే ఉంచలేదు.

అక్కడితో ఆగకుండా మిగతావీ కొలిచాను. 2011 రూపాయి 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. 1988 నుంచి వచ్చిన పాత అర్ధ రూపాయి కూడా సరిగ్గా అంతే. 2011 అర్ధ రూపాయి 19 మిల్లీమీటర్లు, అంటే పాత పావలా సైజు. వరసంతా ఒక మెట్టు కిందికి దిగింది. పావలా ఆ ఏడాది జూన్ 30తో చెల్లుబాటు ఆగిపోయింది కాబట్టి దానితో పేచీ రాలేదు. పాత రూపాయి మాత్రం ఆగలేదు, ఈ రోజుకీ చెల్లుతుంది. పాతదీ కొత్తదీ ఒకే జేబులో ఉంటాయన్న సంగతి డిజైను చూసేవాళ్లు అన్నిటికంటే ముందు ఆలోచించాలి. నాణెం నోటు లాంటిది కాదు, ముప్పై ఏళ్లయినా తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి కొత్త నాణెం ఏది వచ్చినా ముందు బొమ్మ చూడకండి. దాన్ని పాతవాటి పక్కన పెట్టి కొలవండి.

బొమ్మ మీద గొడవలు రాలేదని కాదు. అంతకు ముందు రెండు రూపాయల బిళ్లకు పదకొండు మూలలుండేవి, దాని మీద దేశపటం ఉండేది. మాస్టారికి అదంటే ఇష్టం, వేలు తగలగానే తెలిసేది. 2006 ప్రాంతంలో దాన్ని గుండ్రంగా మార్చి, బొరుసు వైపు నాలుగు గీతలు అడ్డంగా నిలువుగా కలిసే బొమ్మ వేశారు. నాలుగు తలలు, ఒకే ఒళ్లు, భిన్నత్వంలో ఏకత్వం అని ప్రభుత్వం చెప్పింది. అది శిలువలా ఉందని చాలామంది గొడవ చేశారు. 2007లో చేతి ముద్రల బొమ్మలొచ్చాయి. రూపాయి మీద బొటనవేలు, రెండు రూపాయల మీద రెండు వేళ్లు. చదువు రానివాళ్లు కూడా గుర్తుపట్టే ఆలోచన అది, నాకు నచ్చింది. నాలుగేళ్లకే అదీ పోయింది. బొమ్మ గురించి అంత గొడవ జరిగింది గానీ, మూలలు పోయాయని గొంతెత్తినవాళ్లు మా బస్సులో నాకు కనిపించింది మాస్టారు ఒక్కరే.

ఇక కాగితం వెతికే పని. ప్రతి నాణేనికీ గెజిట్ నోటిఫికేషన్ ఉంటుంది. ఈ-గెజిట్ వెబ్‌సైట్‌లో అవి డబ్బులు కట్టకుండా దొరుకుతాయి. మంత్రిత్వ శాఖ దగ్గర ఆర్థిక శాఖ, విభాగం దగ్గర ఆర్థిక వ్యవహారాలు ఎంచుకుని, నాణెం మీదున్న సంవత్సరం పెట్టండి. దొరక్కపోతే ఒక ఏడాది అటూ ఇటూ కూడా చూడండి. రెండో భాగం, మూడో సెక్షన్, మొదటి సబ్ సెక్షన్ కింద వస్తుంది, పైన జీఎస్ఆర్ అని ఒక నంబరుంటుంది. హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది కాబట్టి కష్టమనిపిస్తే ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. అందులో ఒక పట్టిక ఉంటుంది: విలువ, ఆకారం, వ్యాసం, అంచు మీద గాట్లెన్ని, ఏ లోహం ఎంత శాతం. దాని కింద బొమ్మ వైపు ఏముండాలో, బొరుసు వైపు ఏముండాలో మాటల్లో రాసి ఉంటుంది. ఎవరైనా "ఇది నకిలీ" అన్నప్పుడు చూపించాల్సింది వాట్సాప్ మెసేజ్ కాదు, ఈ కాగితం.

పది రూపాయల బిళ్ల విషయంలో ఇది నాకు బాగా పనికొచ్చింది. పది గీతలుంటే అసలుది, పదిహేనుంటే నకిలీ అని మా రూట్లో ఒక పుకారు లేచింది. నిజానికి పదిహేను గీతలది ముందొచ్చింది, పది గీతలది 2011లో రూపాయి గుర్తుతో వచ్చింది. అంబేడ్కర్ 125వ జయంతికి ఒకటి, యోగా దినోత్సవానికి ఒకటి, ఇలా సందర్భాన్ని బట్టి ఇంకా ఎన్నో వచ్చాయి. పద్నాలుగు డిజైన్లున్నాయని, అన్నీ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించింది. అయినా ఊళ్లలో తీసుకోలేదు. ఆ ప్రకటన ప్రింటు తీసి క్యాష్ బ్యాగులో పెట్టుకుని తిరిగాను. ఒకే విలువకు అన్ని డిజైన్లు వేస్తే మామూలు మనిషికి అనుమానం రావడం సహజం. ఆ తప్పు జనానిది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

స్మారక నాణేలన్నీ చిల్లరగా రావు. ఎన్టీఆర్ శతజయంతికి 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన వంద రూపాయల నాణెం సగం వెండి, 44 మిల్లీమీటర్లు. హైదరాబాద్ టంకశాలలోనే వేశారు. పెట్టెలో పెట్టి అమ్మేది, బస్సులో ఇచ్చేది కాదు. కానీ దానికీ ఇదే చట్టం, ఇలాంటి గెజిట్ కాగితమే. సింహాల గుర్తు ఒక వైపు ఉండాల్సిందే.

గెజిట్‌లో దొరకనిది ఒకటుంది: ఎవరు గీశారు, ఇంకెన్ని నమూనాలు పక్కన పెట్టారు, చూపులేనివాళ్లను అడిగారా లేదా. దానికి సమాచార హక్కు దరఖాస్తు వేయాలి. కేంద్రానికి ఆన్‌లైన్‌లో వేయొచ్చు, ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. నా మొదటి దరఖాస్తులో "రెండు రూపాయల బిళ్లను పాత రూపాయి సైజులో ఎందుకు చేశారు?" అని అడిగాను. ఎందుకు అనే ప్రశ్నకు వివరణ ఇవ్వడం సమాచారం కిందకు రాదని ఒక కార్యాలయం నుంచి రెండు లైన్ల జవాబొచ్చింది. చాలా బాధేసింది. తర్వాత ఒక లాయరు గారు నేర్పారు: "ఎందుకు" అని అడగకూడదు, కాగితం అడగాలి. "ఫలానా సంవత్సరం ఫలానా నాణెం డిజైను ఆమోదానికి సంబంధించిన ఫైలు నోట్ల నకళ్లు, సమావేశాల మినిట్స్ నకళ్లు, అంధుల సంఘాలతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాల నకళ్లు ఇవ్వండి" అని రాయండి. తప్పు కార్యాలయానికి వేసినా కొట్టేయకూడదు, ఐదు రోజుల్లో సరైన చోటికి వాళ్లే పంపాలి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేసుకోవచ్చు, ఆ తర్వాత కేంద్ర సమాచార కమిషన్ ఉంది. ఇంకో దారి మీ ఎంపీ. నాణేల చట్టం కింద చేసిన నియమాలను పార్లమెంటు ముందు పెట్టాలి కాబట్టి అక్కడ ప్రశ్న అడిగించవచ్చు.

బయటి దేశాల్లో ఇది కొంత బాహాటంగా జరుగుతుంది. బ్రిటన్‌లో 1922 నుంచి ఒక సలహా సంఘం నమూనాలు చూస్తోంది, చివరి ఆమోదం రాజుది. అమెరికాలో 2003లో పెట్టిన పౌరుల సలహా సంఘం డిజైన్లను బహిరంగ సమావేశాల్లో చర్చిస్తుంది. ఫ్రాన్స్ 2023 చివర్లో యూరోపియన్ యూనియన్ ఆమోదం రాకముందే 2 కోట్ల 70 లక్షల నాణేలు కొట్టేసింది. నక్షత్రాలు నిబంధన ప్రకారం లేవని తేలి, వాటిని కరిగించాల్సి వచ్చింది. మన దగ్గర కూడా నమూనాలను ముందే జనం ముందు పెట్టి, నెల రోజులు గడువిచ్చి అభిప్రాయాలు తీసుకోవాలని నా కోరిక.

2019 మార్చి 7న విడుదల చేసిన కొత్త వరస నాకు ధైర్యం ఇచ్చింది. చూపులేనివాళ్లకు వీలుగా ఉండాలని చెప్పే చేశారు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ గీసింది. విలువ పెరిగేకొద్దీ సైజు, బరువు పెరుగుతాయి: రూపాయి 20 మిల్లీమీటర్లు, రెండు రూపాయలు 23, ఐదు 25, పది 27. ఇరవై కూడా 27 మిల్లీమీటర్లే గానీ దానికి పన్నెండు మూలలు, అంచు మీద గాట్లు లేవు.

మాస్టారు ఇప్పుడు బస్సెక్కడం లేదు. ఆ వరస మొత్తం ఒక గుడ్డ సంచిలో పోసి తెనాలి తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఇరవై బిళ్లను వేలితో తిప్పుతూ మూలలు లెక్కపెట్టారు. పన్నెండు అన్నారు. చాలాసేపు దాన్ని వదల్లేదు. తర్వాత సంచిలోకి చెయ్యి పెట్టి రెండు బిళ్లలు తీశారు. ఒకటి కొత్త రెండు రూపాయలు, రెండోది నా పాత చిల్లరలోంచి పొరపాటున అందులో పడ్డ 2011 నాటి ఐదు రూపాయల పసుపు బిళ్ల. "ఈ రెండూ ఒకే వెడల్పు నాయనా" అన్నారు. కొలిచాను. రెండూ 23 మిల్లీమీటర్లే. బరువు వేరు, ఐదు బిళ్ల ఆరు గ్రాములు, రెండు బిళ్ల నాలుగు గ్రాముల పైచిలుకు.

"బరువుతో తెలుస్తుందిలే. కానీ తొందరలో ఉన్నప్పుడు తెలియదు. అది రాయి" అన్నారు. పెన్ను తీశాను. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటైన పీజీ పోర్టల్‌లో ఆర్థిక వ్యవహారాల విభాగానికి పెట్టే ఫిర్యాదులో మొదటి వాక్యం ఆయనే చెప్పారు: "అయ్యా, మీరు రెండు నాణేలు చేతిలోకి తీసుకుని ఒక్కసారి కళ్లు మూసుకోండి."