కారు ముందు అద్దానికి రాయి తగిలితే

మాది సూర్యాపేట. అమ్మకు కళ్లు చూపించడానికి నెలకోసారి స్విఫ్ట్‌లో హైదరాబాద్ వెళ్లొస్తుంటాం. ఏప్రిల్‌లో చిట్యాల దగ్గర కంకర టిప్పర్ వెనకాల వస్తుంటే రాయొకటి ఎగిరొచ్చి ముందు అద్దానికి తగిలింది. దిగి చూస్తే మినపగింజంత గుంట, చుట్టూ వెంట్రుకల్లాంటి మూడు గీతలు. ఇంతేగా అని వదిలేశాను. వారం తర్వాత మిట్టమధ్యాహ్నం, ఎండలో నిలబెట్టిన కారెక్కి ఏసీ ఫుల్లుగా పెట్టి గాలిని అద్దం మీదికి తిప్పాను. చూస్తుండగానే ఒక గీత జానెడు సాగింది. బయట గాజు కాలిపోతుంటే లోపల చల్లగాలి కొట్టింది, అందుకే పగులు పాకింది. "మీద పడుతుందేమోరా, బండి ఆపు" అని అమ్మ కంగారుపడింది.

మీద పడదు. ముందు అద్దమంటే రెండు గాజు పలకలు, వాటి మధ్య ఒక ప్లాస్టిక్ పొర. పగిలినా ముక్కలు ఆ పొరనే పట్టుకుని ఉంటాయి. కానీ మొదటి రోజే జాగ్రత్తపడి ఉంటే అద్దం మార్చే పనే ఉండేది కాదు. రాయి తగిలిన వెంటనే గుంట మీద పారదర్శకమైన టేపు అతికించండి, దుమ్మూ నీళ్లూ లోపలికి పోకూడదు. గుంట రూపాయి బిళ్లకన్నా చిన్నదై, డ్రైవర్ చూపుకు అడ్డం రాకుండా ఉంటే గ్లాస్ షాపులో రెజిన్ అనే పారదర్శకమైన జిగురు నింపి పగులు పాకకుండా ఆపేస్తారు. పగులు అంచుదాకా పోయినా, డ్రైవర్ కళ్ల ఎదురుగా ఉన్నా మార్చాల్సిందే.

ఇక ఇన్సూరెన్స్. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మన అద్దానికి పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే గాజుకు తరుగుదల, అంటే పాతబడిందని తగ్గించే మొత్తం, కోయరు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు మాత్రం సగమే ఇస్తారు. 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిమ్‌లో 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000 మనమే పెట్టుకోవాలి. నా బిల్లు ఇలా వచ్చింది: అద్దం 5,000, రబ్బరు బీడింగ్ 600, గమ్ము, ప్రైమర్ 700, కూలి 700. మొత్తం 7,000. నా పాలసీలో గమ్ము, ప్రైమర్‌కు కవర్ లేదు. ఆ 700, బీడింగ్‌లో సగం 300, మనం పెట్టుకోవాల్సిన 1,000 తీసేస్తే చేతికొచ్చేది 5,000.

అసలు చూడాల్సింది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. నాకు ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన కారు నష్టానికి కట్టేది) 8,000, దాని మీద బోనస్ 35 శాతం. క్లెయిమ్ చేయకపోతే వచ్చే ఏడు 45, ఆ పై ఏడు 50. చేస్తే వచ్చే ఏడు సున్నా, ఆ తర్వాత 20. రెండేళ్లలో 3,600, 2,400 కలిపి 6,000 పోతుంది. 5,000 కోసం 6,000 ఎందుకు పోగొట్టుకోవాలి? జేబులోంచే కట్టాను. బోనస్ కాపాడే యాడ్ ఆన్ (అదనంగా డబ్బు కట్టి తీసుకునే కవర్) ఉన్నా, అద్దం వెనక కెమెరా ఉండే ఖరీదైన కారైనా లెక్క మారుతుంది, అప్పుడు క్లెయిమే మేలు. క్లెయిమ్ చేసేటట్టయితే నంబరు ప్లేటు కనిపించేలా ఫొటోలు తీసి ముందు కంపెనీకి చెప్పండి. కంపెనీ పంపే సర్వేయర్ నష్టం చూడకముందే షాపువాళ్లను అద్దం ముట్టుకోనివ్వద్దు.

బిగించేటప్పుడు దగ్గరే నిలబడండి. కొత్త అద్దం మూలన ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. పాత గమ్ము గీకాక ఫ్రేము మీద తుప్పు కనిపిస్తే దాన్ని బాగుచేశాకే అద్దం పెట్టమనండి, లేకపోతే వానాకాలంలో డ్యాష్‌బోర్డులోకి నీళ్లు దిగుతాయి. గమ్ము ఆరేదాకా బండి తీయొద్దు, ఎన్ని గంటలో ఫిట్టర్‌నే అడగండి. ఆ రోజంతా పక్క అద్దం వేలెడు దించి ఉంచండి. అన్నీ మూసి తలుపు గట్టిగా వేస్తే లోపలి గాలి ఒత్తిడికి పచ్చి గమ్ము కదులుతుంది. రెండు రోజులు ప్రెషర్ వాష్ వద్దు.

ఫాస్టాగ్ మర్చిపోకండి. పాత అద్దం నుంచి పీకిన ట్యాగు మళ్లీ పనిచేయదు. ఇచ్చిన బ్యాంకును అడిగి కొత్తది తీసుకోండి. నేను ఆ పని చేయకుండానే బయలుదేరి పంతంగి టోల్ దగ్గర ఎక్కువ కట్టాను.

కొత్త అద్దం మీద పాత వైపర్లు తిప్పొద్దు. రబ్బరులో ఇరుక్కున్న ఇసుక గీతలు పెడుతుంది. అరిగిన బ్లేడుకు ఇన్సూరెన్స్ రాదు, పైగా మన ఎండలకు రబ్బరు ఏడాదికే గట్టిపడుతుంది, కాబట్టి ఏటా తొలకరికి ముందే మార్చండి. డ్రైవర్ వైపుది, పక్కది సాధారణంగా ఒకే పొడవుండవు. రెండూ కొలిచి అంగుళాల్లో చెప్పి కొనండి. ముందుగా అద్దం మీద మందపాటి తువ్వాలు పరవండి. బ్లేడు తీసిన ఇనప చెయ్యికి స్ప్రింగు ఉంటుంది, జారి పడితే కొత్త అద్దం చిట్లుతుంది. చెయ్యి పైకెత్తి, బ్లేడు మధ్యనున్న చిన్న క్లిప్పు నొక్కి కిందికి లాగితే కొక్కెం నుంచి ఊడొస్తుంది. కొత్తది టక్‌మనేదాకా ఎక్కించండి. దాని రబ్బరు మీద సన్నటి ప్లాస్టిక్ తొడుగు ఉంటే తీసేసి, నీళ్లు చిమ్మి రెండుసార్లు తిప్పి చూడండి.