కాలనీలో సీసీ కెమెరాలు: ఎక్కడ పెట్టాలి, ఎవరి చేతిలో ఉండాలి

హైదరాబాద్‌లో ఏ కాలనీలోనైనా వరుసగా రెండు చోరీలు జరిగాయంటే, సంక్షేమ సంఘం సమావేశంలో మొట్టమొదట వచ్చే ప్రతిపాదన సీసీ కెమెరాలే. నివాసులు చందాలు వేసుకుని వీధి కెమెరాలు పెట్టించుకోవాలని పోలీసులు కూడా ‘నేను సైతం’ కార్యక్రమం ద్వారా ఏళ్ల తరబడి కోరుతున్నారు. ఒక్క కెమెరా వంద మంది పోలీసులతో సమానమన్న మాట అవగాహన సభల్లో తరచూ వినిపిస్తుంది. ఆ మాటను అలాగే నమ్మి డబ్బు పోసిన కాలనీలు, తీరా అవసరం పడిన రోజున మసక బొమ్మ తప్ప మరేమీ దొరకక నిరాశపడిన సందర్భాలు తక్కువేమీ కాదు. నలభై ఏళ్ల అధ్యయనాలను కలిపి పరిశీలించిన 2019 నాటి అంతర్జాతీయ సమీక్ష ఒకటి, కెమెరాలు ఉన్న చోట నేరాలు సుమారు 13 శాతం తగ్గాయని, పార్కింగ్ స్థలాల్లో ఫలితం ఎక్కువగా కనిపించిందని, హింసాత్మక నేరాల మీద మాత్రం చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదని తేల్చింది. కెమెరా ఉపయోగపడుతుంది గానీ, దేనికి ఉపయోగపడుతుందో ముందే నిర్ణయించుకున్న వారికే ఉపయోగపడుతుంది.

కాబట్టి కొటేషన్లు తెప్పించుకోవడానికి ముందు, గత ఏడాది కాలంలో కాలనీలో జరిగిన సంఘటనలన్నిటినీ తేదీ, వేళ, చోటుతో సహా ఒక కాగితం మీద రాయండి. పోలీస్ స్టేషన్ దాకా వెళ్లనివి కూడా ఇందులో చేరాలి. తాళం వేసిన ఇంట్లో చోరీ, ఇంటి ముందు నిలిపిన బైకు మాయం కావడం, ఉదయపు నడకలో మెడలోని గొలుసు తెంచుకుపోవడం, ఈ మూడూ వేర్వేరు నేరాలు, వాటికి విరుగుడూ వేర్వేరే. ఆ కాగితం తీసుకుని స్టేషన్‌కు వెళ్లి, ఇన్‌స్పెక్టర్‌తోనూ మీ ప్రాంతపు బీట్ కానిస్టేబుల్‌తోనూ కూర్చుని మాట్లాడండి. రాత్రి గస్తీ ఏ వేళల్లో ఏ వీధిగుండా వెళుతోందో అడిగి, సంఘటనలు జరిగిన వేళలతో పోల్చి చూడండి. గస్తీ సిబ్బంది వచ్చి సంతకం చేసే పుస్తకాన్ని కాలనీ మొదట్లో కాకుండా ఎక్కువ నేరాలు జరిగిన మూలన పెట్టించమని కోరడానికి పైసా ఖర్చు కాదు. ఆ తర్వాత ఒక రాత్రి సంఘ సభ్యులు నలుగురు కలిసి వీధులన్నీ నడిచి, వెలగని దీపాల స్తంభాల నంబర్లు రాసుకుని మున్సిపల్ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వాలి. చీకటి వీధిలో ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా దానినుంచి వచ్చేది అరకొర బొమ్మే.

తాళం వేసిన ఇళ్ల విషయంలో వీధి కెమెరా కంటే కబురు ముఖ్యం. సంక్రాంతికి ఊరెళ్లేవారు స్టేషన్‌లో చెప్పి వెళితే గస్తీ ఆ ఇంటి మీదుగా తిరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోనైతే, తాళం వేసిన ఇళ్ల నిఘా కోసం పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో నమోదు చేసుకున్న వారి ఇంట్లో పోలీసులు ఉచితంగా కెమెరా అమర్చి, లోపల కదలిక కనబడగానే కంట్రోల్ రూమ్‌కు హెచ్చరిక అందేలా ఏర్పాటు చేస్తారు.

ఇక కెమెరాల సంగతి. ప్రతి కెమెరాకూ ఒక ప్రశ్న కేటాయించండి: ఇది ముఖం చూపాలా, బండి నంబరు చూపాలా, లేక ఎవరు ఎటు వెళ్లారో చూపితే చాలా? కొత్త మనిషి ముఖాన్ని గుర్తుపట్టాలంటే బొమ్మలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు, ఉండాలన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న ప్రమాణం. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా బొమ్మ వెడల్పు 1920 పిక్సెళ్లు గనుక, అది ముఖం స్పష్టంగా చూపగలిగేది ఏడున్నర మీటర్ల వెడల్పు వరకే. అంటే ఎక్కువ వెడల్పు చూపే 2.8 మిల్లీమీటర్ల లెన్స్‌తో సుమారు నాలుగు మీటర్ల దూరం, దూరాన్ని దగ్గరగా చూపే 12 మిల్లీమీటర్ల లెన్స్‌తో దాదాపు పదిహేడు మీటర్ల దూరం. వీధి మొత్తం ఒకే బొమ్మలో కనిపిస్తోందని అమ్మకందారు ఫోన్‌లో చూపించి మెప్పించేది సాధారణంగా ఆ 2.8 లెన్స్ బొమ్మే. అందులో వీధి కనిపిస్తుంది, మనిషి ఎవరో మాత్రం తెలియదు. కాలనీకి రాకపోకల దారులు రెండో మూడో ఉంటే, ముందుగా ఆ దారుల దగ్గర ముఖాలకు ఒకటి, నంబరు ప్లేట్లకు ఒకటి చొప్పున పెట్టి, మిగిలిన డబ్బుతోనే లోపలి వీధుల గురించి ఆలోచించడం మేలు. రాత్రిపూట హెడ్‌లైట్ వెలుగుకు మామూలు కెమెరాలో నంబరు ప్లేటు తెల్లబారిపోతుంది గనుక, షట్టర్ వేగం పెంచగలిగే కెమెరాను దానికోసమే విడిగా, బండ్లు వేగం తగ్గించే స్పీడ్ బ్రేకర్ దగ్గర బిగించాలి. పది పన్నెండు అడుగుల ఎత్తు సరిపోతుంది. ఇంకా పైకి పోతే టోపీలూ నడినెత్తులే రికార్డవుతాయి.

రికార్డింగు ఎన్నాళ్లు ఉండాలో కూడా లెక్క వేసుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం పెద్ద సంఖ్యలో వచ్చే సంస్థలను 30 రోజుల రికార్డు ఉంచమంటుంది. కాలనీలూ అదే గడువు పాటించడం మంచిది. సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున ఒక కెమెరా రోజుకు సుమారు 21.6 జీబీ రాస్తుంది గనుక, ఎనిమిది కెమెరాలకు నెలకు ఐదు టీబీ దాటుతుంది. ఆరు టీబీల హార్డ్ డిస్క్ తీసుకోవాలి, అదీ నిఘా వ్యవస్థల కోసం తయారైన రకమే. కరెంటు పోయిన వేళ రికార్డు ఆగకుండా యూపీఎస్ ఉండాలి. 2025 ఏప్రిల్ నుంచి కెమెరాలకు భద్రతా పరీక్షల ధ్రువీకరణ తప్పనిసరి అయింది కాబట్టి బిల్లుతో పాటు అదీ అడగండి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును బిగించిన రోజే మార్చండి.

బిగించిన తర్వాత చూసే నాథుడు లేకపోవడమే కాలనీ కెమెరాలకు పట్టే అసలు జబ్బు. లెన్స్ చుట్టూ ఉండే ఇన్‌ఫ్రారెడ్ దీపాల వేడికీ వెలుగుకీ పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు చేరి గూడు అల్లుతుంది. పగలు కంటికి ఆనని ఆ పోగులు రాత్రి వెలుగుకు తెల్లగా మెరిసి బొమ్మను సగం కప్పేస్తాయి. వానాకాలంలో వేపకొమ్మ రెండు నెలల్లో పెరిగి గేటు కెమెరాకు కనబడకుండా అడ్డుపడుతుంది. అందుకే నెలకొకసారి ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని తుడవాలి, ప్రతి కెమెరా రాత్రి బొమ్మనూ తెరచి చూడాలి, రికార్డర్ గడియారం సరైన సమయం చూపుతోందో లేదో సరిచూడాలి. గడియారం పది నిమిషాలు తేడాగా నడిస్తే, దొంగ వెళ్లిన దారిని కెమెరా నుంచి కెమెరాకు వెతికే పోలీసులకు ఆ పది నిమిషాలే పెద్ద చిక్కు.

ఇప్పుడు అన్నిటికంటే జాగ్రత్త వహించాల్సిన అంశం: రికార్డు ఎవరి చేతిలో ఉండాలి? సంఘం తీర్మానం చేసి ఇద్దరికే పాస్‌వర్డు ఇవ్వాలి. ఎవరు, ఎప్పుడు, ఏ సంఘటన కోసం చూశారో రిజిస్టరులో రాయాలి. పోలీసులు అడిగితే రాతపూర్వకంగా అడగమని మర్యాదగా కోరవచ్చు. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద స్టేషన్ అధికారి అలాంటి ఉత్తర్వు ఇవ్వగలరు. రికార్డు కోర్టులో సాక్ష్యంగా నిలబడాలంటే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం హాష్ విలువతో, అంటే ఫైలులో ఏ చిన్న మార్పు జరిగినా మారిపోయే గుర్తింపు సంఖ్యతో, కూడిన ధ్రువపత్రం కావాలి. అందులో ఒక భాగం పరికరాన్ని నిర్వహించేవారు, మరొక భాగం నిపుణుడు పూర్తి చేయాలి. ఫోన్‌తో తెరను వీడియో తీసి పంపితే కుదరదు. పెన్‌డ్రైవ్‌లోకి తీసిన ఫైలును కత్తిరించకుండా, పేరు మార్చకుండా ఇచ్చి రసీదు తీసుకోండి, సంఘం దగ్గర ఒక కాపీ ఉంచండి.

వాట్సాప్ గ్రూపులో మాత్రం ఏ బొమ్మా పెట్టకూడదు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులు ఫోన్లలో పాకినప్పుడు, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక గుంపు ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. ‘అనుమానాస్పద వ్యక్తి’ అని రాసి ఒక కొరియర్ కుర్రాడి బొమ్మనో, పాత సామాన్లు కొనే మనిషి బొమ్మనో గ్రూపులో పెట్టేవారు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి. నిజంగా అనుమానం వస్తే డయల్ 100కో 112కో ఫోన్ చేయడమే సరైన పని.

ఇళ్లలో పనిచేసే వారి రాకపోకలను లెక్క కట్టడానికీ, అద్దెకున్న అమ్మాయిల దగ్గరికి ఎవరు వస్తున్నారో ఆరా తీయడానికీ ఈ కెమెరాలను వాడితే అది నేర నివారణ కాదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను తక్కువ ధరకే జోడిస్తామని అమ్మకందారు అంటే వద్దనండి. పోలీసుల వాడకాన్నే సవాలు చేస్తూ తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం దాఖలైంది, అలాంటప్పుడు ఒక కాలనీ సంఘం దానికి పూనుకోవడం తగదు. కెమెరాలున్నాయనీ, ఎవరిని అడగాలనీ తెలిపే తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ బోర్డు ప్రతి గేటు దగ్గరా ఉండాలి.

ఏడాది చివర మొదటి కాగితాన్నీ రిజిస్టరునూ పక్కపక్కన పెట్టి సమావేశంలో చదవండి. ఏ ప్రశ్నకూ జవాబివ్వని కెమెరాను అవసరమున్న చోటికి మార్చండి. ఎవరి కిటికీలోకైనా తొంగిచూస్తున్న కెమెరా ఉంటే, ఏడాది దాకా ఆగకుండా, ఆ ఇంటివారు చెప్పిన రోజే తిప్పించండి.