చూపు లేనివారికీ అర్థమయ్యేలా చార్టులు తయారు చేయడం ఎలా?

రిపోర్టులో చార్టు పెట్టి వివరణ రాయకపోతే, స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) దాన్ని "గ్రాఫిక్" అని చదివేసి ముందుకు వెళ్లిపోతుంది. చూపు లేని పాఠకుడికి అక్కడ ఏమీ దొరకదు. దీన్ని సరిచేయడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, రోజూ వాడే ఎక్సెల్, వర్డ్ చాలు.

ముందుగా, చార్టు ఏం చెబుతోందో మాటల్లో రాసుకోండి. అసలు పని ఇదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత మీద బార్ చార్టు గీశారనుకుందాం. "అక్షరాస్యత చార్టు" అని రాసి వదిలేస్తే లాభం లేదు. ఇలా రాయండి: "జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత, బార్ చార్టు. 1991లో 44 శాతం, 2001లో 60, 2011లో 67. మొదటి పదేళ్లలో 16 పాయింట్లు పెరిగితే, తర్వాతి పదేళ్లలో 7 మాత్రమే పెరిగింది." చార్టు ఏ రకం, అంకెలు ఎంత, వాటిలో గమనించాల్సింది ఏమిటి: ఈ మూడూ ఉంటే చాలు. బార్లు నీలమా, నారింజా అన్నది చెప్పక్కర్లేదు.

తర్వాత చార్టు మీద రైట్ క్లిక్ చేస్తే ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మకు బదులు స్క్రీన్ రీడర్ చదివే వివరణ) అనే ఆప్షన్ వస్తుంది. రాసుకున్నది అందులో పెట్టండి. తెలుగు వాయిస్ ఉంటే స్క్రీన్ రీడర్ తెలుగులోనే చదువుతుంది.

అంకెలు ఎక్కువైతే అన్నీ ఆల్ట్ టెక్స్ట్‌లో కుక్కకండి. చార్టు కింద టేబుల్ ఇవ్వండి, పై వరుసలో హెడ్డింగులతో. స్క్రీన్‌షాట్ అతికిస్తే మళ్లీ బొమ్మే అవుతుంది.

చూపు కొంత ఉన్నవారిని, రంగులు తేడా తెలియనివారిని చాలామంది మర్చిపోతారు. ఎరుపు, ఆకుపచ్చ గీతలు పక్కపక్కనే ఉంటే కొందరికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకటి చుక్కల గీత చేయండి, ఇంకోటి నిండు గీతగా ఉంచండి. పేర్లు మూలన లెజెండ్‌లో (ఏ గీత దేనిదో చెప్పే పెట్టెలో) కాకుండా గీత చివరే రాయండి. తెలుపు మీద లేత పసుపు వద్దు. వెబ్ ప్రమాణాల ప్రకారం వెనక రంగుతో పోలిస్తే గీతలకు, బార్లకు కనీసం 3:1, మామూలు సైజు అక్షరాలకు 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) ఉండాలి.

పీడీఎఫ్ చేసేటప్పుడు సేవ్ యాజ్ వాడండి. ప్రింట్ టు పీడీఎఫ్ అంటే ఇంత కష్టపడి రాసిన ఆల్ట్ టెక్స్ట్ పోతుంది. వాట్సాప్‌లో బొమ్మగా పంపుతుంటే వివరణను క్యాప్షన్‌లోనే రాసేయండి.

బడి పిల్లలకైతే దళసరి అట్ట మీద ఫెవికాల్‌తో పురికొస అంటించి గ్రాఫ్ గీత, బొట్టుబిళ్లలతో పాయింట్లు పెట్టొచ్చు. వేళ్లతో తడిమి గీత ఎటు లేచిందో తెలుసుకుంటారు.

చివరగా కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో గానీ, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉండే టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్‌తో గానీ స్క్రీన్ చూడకుండా వినండి. వీలైతే స్క్రీన్ రీడర్ వాడే స్నేహితులకు పంపి, "అక్షరాస్యత ఏ పదేళ్లలో ఎక్కువ పెరిగింది?" అని అడగండి. వాళ్లు చెప్పలేకపోతే మార్చాల్సింది మీ వివరణే.