గోదావరి డెల్టాలో ఉంటూ స్పోర్ట్స్ కోచింగ్, అడ్మినిస్ట్రేషన్‌లో ఆన్‌లైన్ పీజీ చేయడం ఎలా?

ఈ డిగ్రీలో సగం చదువు తెర మీద ఉండదు, గ్రౌండ్‌లో ఉంటుంది. కాబట్టి యూనివర్సిటీ వెతకడానికి ముందే మీ చేతిలో ఒక జట్టు ఉందో లేదో చూసుకోండి. హైస్కూల్ పిల్లల కబడ్డీ జట్టు కావచ్చు, ఊరి వాలీబాల్ కుర్రాళ్ళు కావచ్చు, సాయంత్రం షటిల్ నేర్చుకునే పదిమంది పిల్లలు కావచ్చు. వారానికి మూడు పూటలైనా వాళ్ళతో గడిపే వీల్లేకపోతే ఈ కోర్సుకి డబ్బు కట్టకండి. దాని బదులు మామూలు మేనేజ్‌మెంట్ పీజీ చేసుకోవడం నయం.

దీంతో ఏ ఉద్యోగం రాదో ముందే తెలుసుకోండి

స్కూల్లో పీఈటీ, పీడీ పోస్టుల కోసమైతే ఇది పనికిరాదు. వాటికి డీపీఎడ్, బీపీఎడ్, ఎంపీఎడ్ లాంటివి కావాలి. బీపీఎడ్, ఎంపీఎడ్ రెండూ ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) గుర్తింపుతో రోజూ కాలేజీకి వెళ్ళి చదవాల్సిన రెండేళ్ళ కోర్సులు. ఎవరైనా “ఇంట్లో కూర్చుని ఎంపీఎడ్” అంటే అక్కడితో మాట ఆపేయండి. ప్రభుత్వ కోచ్ పోస్టులకు ఎక్కువగా పటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా అడుగుతారు. ఇక ఆటల వారీ లైసెన్సుల దారి వేరే. ఫుట్‌బాల్‌కి ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) డి లైసెన్స్ నుంచి, బ్యాడ్మింటన్‌కి బీడబ్ల్యూఎఫ్ (ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య) లెవెల్ 1 నుంచి మొదలుపెట్టాలి. ఏ పీజీ చేసినా వాటికి మినహాయింపు దొరుకుతుందని అనుకోకూడదు.

సొంత అకాడమీ నడిపేవాళ్ళకి, ప్రైవేటు స్కూళ్ళలో, కాలేజీల్లో స్పోర్ట్స్ కోఆర్డినేటర్లకి, జిల్లా క్రీడా సంఘాల ఆఫీసు పని చూసేవాళ్ళకి మాత్రం ఈ చదువు బాగా ఉపయోగపడుతుంది. 2025లో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చాక సంఘాల ఎన్నికలు, లెక్కలు, వివాదాలు ఇక నోటిమాట మీద నడిచే పరిస్థితి లేదు. కాగితం రాయడం, నిబంధన చదవడం తెలిసిన మనిషి ప్రతి సంఘానికీ కావాలి.

కోర్సు ఎంచుకోవడం

మన దేశంలోని యూనివర్సిటీ అయితే యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్ తెరిచి, మీరు చేరబోయే సెషన్‌కి ఉన్న జాబితా చూడండి. యూనివర్సిటీ పేరు కనబడితే సరిపోదు, మీ కోర్సు పేరు కూడా అందులో ఉండాలి. ఒకే యూనివర్సిటీకి ఎంబీఏ ఆన్‌లైన్‌లో పెట్టుకునే అనుమతి ఉండి, క్రీడల కోర్సుకి లేకపోవచ్చు. ఆ అనుమతి ఉంటే, యూజీసీ 2020 నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ డిగ్రీకి మామూలు డిగ్రీతో సమాన విలువ ఉంటుంది. చేరే ముందు ఏబీసీ ఐడీ (క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ నంబరు), దాంతో డెబ్ ఐడీ (పైన చెప్పిన డిస్టెన్స్ బ్యూరో నంబరు) మీరే తీసుకోవాలి. ఈ పని ఏజెంటు చేతికి ఇవ్వకండి, ఓటీపీలన్నీ వాళ్ళ ఫోనుకి పోతాయి. ఆన్‌లైన్ కోర్సులకు ఫ్రాంచైజీ సెంటర్లు పెట్టకూడదు. కనుక ఏ టౌన్లోనైనా “మా సెంటర్లో ఫీజు కట్టండి, పరీక్ష మేం చూసుకుంటాం” అంటే అది మోసమనే అనుకోండి.

విదేశీ యూనివర్సిటీ అయితే మూడు ప్రశ్నలు మెయిల్లో అడిగి, జవాబు దాచుకోండి. మూడేళ్ళ బీఏ, బీకాం, బీఎస్సీతో చేర్చుకుంటారా? మొత్తం ఎన్ని క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి ఎంత, టెక్నాలజీ ఫీజు దాని మీద అదనమా? ప్రాక్టికమ్ (గ్రౌండ్‌లో చేసే పని) మా ఊళ్ళోనే, మేం చూపించిన సూపర్‌వైజర్ కింద చేయొచ్చా? అమెరికాలో ఇలాంటి మాస్టర్స్‌కి సాధారణంగా 30 నుంచి 36 క్రెడిట్లు ఉంటాయి. ఇండియాలో కూర్చుని పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివితే స్టూడెంట్ వీసా రాదు, చదువయ్యాక అక్కడ పనిచేసే ఓపీటీ కూడా రాదు. ఈ ముక్క కన్సల్టెన్సీలో ఎవరూ ముందుగా చెప్పరు. విదేశీ ఆన్‌లైన్ డిగ్రీకి ఇక్కడ సమానత్వం, అంటే మన డిగ్రీతో సమానమనే గుర్తింపు, కూడా దానంతట అది రాదు. ప్రభుత్వ ఉద్యోగం మనసులో ఉంటే ఫీజు కట్టకముందే ఆ సంగతి తేల్చుకోవాలి.

కాగితాలు: అసలు చిక్కు పేరు దగ్గర

టెన్త్ మెమో మీద ఇంటిపేరు ముందుంటుంది. డిగ్రీ మెమో మీద ఇంటిపేరుకి ఒక్క అక్షరం పొడిగా ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో మొత్తం విడమరిచి ఉంటుంది. విదేశీ అప్లికేషన్‌లో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులుంటాయి. అందులో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే నింపండి. మెమోలతో తేడా ఉంటే ఆ రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించి జతపరచండి. డబ్ల్యూఈఎస్ లాంటి సర్టిఫికెట్ల మూల్యాంకన సంస్థ అడిగితే ట్రాన్‌స్క్రిప్టులు (యూనివర్సిటీ ఇచ్చే మార్కుల జాబితాలు) మీ చేత్తో పంపితే చెల్లవు, యూనివర్సిటీ నుంచే వెళ్ళాలి. ఆదికవి నన్నయ యూనివర్సిటీ 2006లో వచ్చింది. అంతకు ముందు ఇక్కడి చాలా కాలేజీలు ఆంధ్రా యూనివర్సిటీ కింద ఉండేవి. మీ సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ ముద్ర ఉందో దానికే అర్జీ పెట్టాలి, కాలేజీ ఆఫీసుకి కాదు. దీనికి వారాలు పడుతుంది కాబట్టి అడ్మిషన్ గడువుకి మూడు నెలల ముందే కదలండి.

గంటల లెక్క, గడియారం తేడా

అమెరికా పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే సుమారు 45 గంటల పని. మూడు క్రెడిట్ల సబ్జెక్టుకి 135 గంటలు. దాన్ని ఎనిమిది వారాల టర్మ్‌లో పెడితే వారానికి దాదాపు 17 గంటలు అవుతుంది. ఉద్యోగం చేస్తూ ఒకేసారి రెండు సబ్జెక్టులు తీసుకుంటే 34 గంటలు. చాలామంది మొదటి టర్మ్‌లోనే మునిగేది ఇక్కడే. మొదటిసారి ఒక్కటే తీసుకోండి. మన యూజీసీ లెక్కలో క్రెడిట్‌కి 30 గంటలు, అదీకాక ఆన్‌లైన్ కార్యకలాపాల్లో 75 శాతం పాల్గొనకపోతే పరీక్ష రాయనివ్వరు.

అమెరికా తూర్పు తీరం గడియారంతో మనకి ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. వాళ్ళ ఆదివారం రాత్రి 11:59 గడువు మనకి సోమవారం ఉదయం 9:29కి పడుతుంది, నవంబర్ మొదటి ఆదివారం నుంచి 10:29కి మారుతుంది. మార్చి రెండో ఆదివారం మళ్ళీ 9:29కి వచ్చేస్తుంది. చలికాలమంతా 10:29కి అలవాటుపడినవాళ్ళు మార్చిలో గంట తేడాతో గడువు పోగొట్టుకుంటారు. అక్కడ రాత్రి ఏడింటికి పెట్టే లైవ్ క్లాసు మనకి తెల్లవారుజామున నాలుగున్నరకో, ఐదున్నరకో వస్తుంది. అది సరిగ్గా మీరు పిల్లల్ని గ్రౌండ్‌కి రమ్మనే వేళ. రికార్డింగ్ చూసి చదువుకునే విధానం ఉన్న కోర్సే మనకి సరిపోతుంది.

గ్రౌండ్ పని

కోచింగ్ సబ్జెక్టుల్లో శిక్షణ భారం లెక్కకట్టమంటారు. ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ప్రాక్టీసు అయిన అరగంటకి ఒక్కొక్కరినీ ఎంత కష్టంగా అనిపించిందో సున్నా నుంచి పది మధ్య అంకె చెప్పమనండి, దాన్ని నిమిషాలతో గుణించండి. సోమవారం 60 నిమిషాలు, అంకె 5 అయితే 300. బుధవారం 75 నిమిషాలు, 7 అయితే 525. శుక్రవారం 45 నిమిషాలు, 4 అయితే 180. ఆ వారం మొత్తం 1005. ఒకేసారి పెద్దగా పెరిగిన వారాలు ఎక్కడున్నాయో చూసి, ఆ తర్వాత ఎవరికి మోకాలు నొప్పి వచ్చిందో పక్కన రాసుకుంటే ఒక అసైన్‌మెంట్‌కి సరిపడా సరుకు దొరికినట్టే. అందరినీ వరసలో నిలబెట్టి అడిగితే మాత్రం కెప్టెన్ ఏడంటే అందరూ ఏడే అంటారు. పక్కకి పిలిచి, చెవిలో చెప్పించుకోండి.

వేడి గురించి పాఠ్యపుస్తకం చెప్పేదాన్ని డెల్టాకి తగ్గట్టు చదువుకోవాలి. ఇక్కడ సమస్య ఎండ ఒక్కటే కాదు, ఉక్క. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుకే థర్మామీటర్ అంకె చూసి సరేననుకోకూడదు. కోర్సులో చెప్పే డబ్ల్యూబీజీటీ కొలత ఎండ, తేమ, గాలి మూడింటినీ కలిపి చూస్తుంది. సెలవుల తర్వాత మళ్ళీ మొదలుపెడితే ఒళ్ళు వేడికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు ఇవ్వాలి. చెమట లెక్క ఇలా కట్టండి: ప్రాక్టీసుకి ముందు 42.0 కిలోలున్న పిల్ల గంట తర్వాత 41.3 ఉంది, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగింది. పోయిన చెమట లీటరు. బరువులో తగ్గినది 1.7 శాతం. రెండు శాతం దాటితే ఆట మందగించే అవకాశం ఎక్కువ. కాటా ఒకటే అయ్యుండాలి, చెమటతో తడిసిన జెర్సీ మార్చి తూచాలి. లేకపోతే లెక్కంతా తప్పు. మనకి చవగ్గా దొరికేది కదా అని కొబ్బరి బొండాల మీదే ఆధారపడకండి. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, చెమటలో పోయే సోడియం మాత్రం వాటిలో తక్కువ. ఉప్పేసిన మజ్జిగ కూడా పెట్టండి.

వీడియో విశ్లేషణకి ఫోన్ స్లో మోషన్, కంప్యూటర్లో ఉచితంగా దొరికే కినోవియా అనే సాఫ్ట్‌వేర్ చాలు. ఫోన్ స్టాండ్ మీద, ఆటగాడికి సరిగ్గా పక్కన, నడుం ఎత్తులో పెట్టాలి. వాలుగా తీసిన వీడియోలో కోణాలు కొలిస్తే అంకెలు అబద్ధం చెబుతాయి. పిల్లలు 18 ఏళ్ళ లోపువాళ్ళైతే తల్లిదండ్రుల సంతకం తెలుగులో రాసిన కాగితం మీదే తీసుకోండి. వాళ్ళు చదవలేని ఇంగ్లీషు ఫారం మీద పెట్టిన సంతకం అనుమతి కాదు.

అడ్మినిస్ట్రేషన్: ఒక టోర్నమెంట్ చాలు

ఈవెంట్ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టుకి సంక్రాంతి కబడ్డీ పోటీని మించింది లేదు. ఎనిమిది జట్లు వచ్చాయనుకోండి. అందరితో అందరూ ఆడే లీగ్ పెడితే 28 మ్యాచులు. పురుషుల మ్యాచ్‌కి ఇరవై, ఇరవై నిమిషాలు, మధ్యలో ఐదు, జట్లు మారడానికి పది కలిపి 55 నిమిషాలు. ఒకే కోర్టు మీద ఇది పాతిక గంటలు దాటుతుంది, రెండు రోజుల పోటీలో ఇమడదు. నాలుగేసి జట్ల రెండు గ్రూపులు చేస్తే 12 మ్యాచులు, రెండు సెమీస్, ఒక ఫైనల్ కలిపి 15. పద్నాలుగు గంటల లోపే అయిపోతుంది. ఈ లెక్క, పోలీసు అనుమతి, అంబులెన్స్, చందాల రసీదు పుస్తకం, మట్టి కోర్టు తడపడం, రిఫరీల భత్యం అన్నీ ప్రాజెక్టులో రాయండి. ప్రొఫెసర్లకి కావలసింది ఇలాంటి వివరమే, పుస్తకంలోని నిర్వచనం కాదు. అమెరికా స్ప్రింగ్ టర్మ్ మామూలుగా జనవరిలోనే మొదలవుతుంది కాబట్టి ప్రాక్టికమ్ అనుమతి నవంబర్‌లోనే తెచ్చుకోవాలి. జనవరిలో అడిగితే పండగ అయిపోయాక వస్తుంది.

ప్రతిభ పోషణ మీద కేస్ స్టడీ అడిగితే అమెరికా కాలేజీ జట్టు కోసం వెతక్కండి. అమలాపురంలో ఆట మొదలుపెట్టి, 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం గెలిచిన సాత్విక్ సాయిరాజ్ హైదరాబాద్ అకాడమీకి ఎందుకు వెళ్ళాల్సి వచ్చింది? కోర్టులు, తోటి ఆటగాళ్ళు, కోచ్‌లు, టోర్నమెంట్లు ఇక్కడ ఎన్ని ఉంటే ఒక పిల్లాడు పదహారేళ్ళ దాకా ఊళ్ళోనే ఉండగలడు? దానికి బడ్జెట్ వేసి చూపిస్తే ఆ పేపర్ తరవాత మీ అకాడమీ ప్రణాళికగానూ పనికొస్తుంది.

రాత పని

చర్చా వేదికలో మొదటి పోస్టు గురువారానికి, ఇద్దరికి జవాబులు ఆదివారానికి, ఇదీ సాధారణంగా నడిచే పద్ధతి. “బాగా చెప్పారు” అనే జవాబుకి మార్కులు పడవు. ఆధారాలు ఏపీఏ అనే రచనా పద్ధతి ఏడో కూర్పు ప్రకారం ఇవ్వాలి. మొదటి రోజు నుంచే వాటిని జొటేరో అనే సాఫ్ట్‌వేర్లో దాచుకుంటే చివర్లో తల పట్టుకోనక్కర్లేదు. రీసెర్చ్ సబ్జెక్టులో అందరూ చేసే తప్పు, నైతిక కమిటీ అనుమతి రాకముందే పిల్లల నుంచి సమాచారం సేకరించడం. ఆ సమాచారం ఎంత మంచిదైనా వాడుకోనివ్వరు. ఇంగ్లీషు భయమైతే తెలుగులో ఆలోచించి చిన్న వాక్యాల్లో రాయండి. అనువాద యంత్రంలోంచి దించిన పేరాగ్రాఫు ప్రొఫెసర్‌కి తెలిసిపోతుంది.

వరద, తుపాను, కరెంటు

జులై, ఆగస్టుల్లో గోదావరి వరద, అక్టోబర్, నవంబర్లలో తుపానులు. లంక గ్రామాల్లో ఉండేవాళ్ళు ధవళేశ్వరం నీటిమట్టం చూసుకోవాలి. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక రాగానే ప్రొఫెసర్‌కి నాలుగు వాక్యాల మెయిల్ పెట్టండి. గడువు దాటాక పెట్టిన మెయిల్ సాకులా కనబడుతుంది, ముందు పెట్టింది సమాచారంలా కనబడుతుంది. పాఠాలు ముందే దించుకోండి, రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకోండి, ఫైబర్ ఒక కంపెనీది అయితే ఫోన్ సిమ్ వేరే కంపెనీది ఉంచుకోండి. వీడియో 720పికి తగ్గించి, అవసరమైన ముక్క మాత్రమే కత్తిరించి ఎక్కించండి. కెమెరా నిఘాలో రాసే పరీక్ష ఉన్న రోజు మాత్రం అమలాపురంలోనో రాజమండ్రిలోనో కరెంటు నమ్మకంగా ఉండే చుట్టాలింట్లో ఒక గది అడగండి. మధ్యలో నెట్ పోతే పరీక్ష రద్దయ్యే ప్రమాదం ఉంటుంది.

ప్రాక్టికమ్ గంటల పుస్తకం మీద సూపర్‌వైజర్ సంతకం ప్రతి శనివారం తీసుకోండి. హెచ్ఎం గారికి బదిలీ అయ్యాక నాలుగు నెలల సంతకాల కోసం తిరగడం కంటే ఆ ఐదు నిమిషాలే సులువు. డిగ్రీ చేతికొచ్చాక స్టూడెంట్ లాగిన్ మూసేయకముందే ట్రాన్‌స్క్రిప్టులు రెండు సీల్డ్ కవర్లలో, సిలబస్ పీడీఎఫ్‌లు మొత్తం తీసి పెట్టుకోండి. సమానత్వానికి అర్జీ పెట్టినప్పుడు సిలబస్ కూడా అడిగే అవకాశం ఉంది.